పేస్టు పక్కన పెట్టండి, ముందు స్క్రీన్ ఏదో చూడండి

పాత టచ్ ఫోన్ స్క్రీన్ మీద గీతలు పడ్డాయని ఎవరికి చెప్పినా మొదట వచ్చే సలహా టూత్‌పేస్ట్. ఆ తర్వాత వంటసోడా, కొబ్బరినూనె, అరటితొక్క, కోడిగుడ్డు తెల్లసొన. వీడియోల్లో అయితే గుడ్డముక్క మీద బఠాణీ గింజంత పేస్టు వేసి, గుండ్రంగా రుద్ది, తుడిచేసి, తళతళలాడే స్క్రీన్ చూపిస్తారు. రుద్దిన ఆ స్క్రీన్ దేనితో చేసిందో మాత్రం ఒక్కరూ చెప్పరు. నాకు పట్టరాని కోపం వచ్చేది అక్కడే. చిట్కా మంచిదా కాదా అని తేల్చాలంటే ముందు అది ఏ వస్తువు మీదో తెలియాలి. ప్లాస్టిక్ పొరకూ, అక్రిలిక్ పలకకూ, గట్టిపరిచిన గాజుకూ ఒకే మందు రాసేవాళ్ల మాట విని, నిక్షేపంలా పనిచేసే పరికరాలను జనం చేజేతులా పాడు చేసుకుంటున్నారు.

మా నల్గొండ వైపు పాత పరికరం అంత తొందరగా మూలకు పోదు. కొడుకు కొత్తది కొనుక్కుంటే పాతది నాయనకు, ఆయన దగ్గర్నుంచి ఇంకొకరికి. 2008లో వచ్చిన నోకియా 5800, 2010లో వచ్చిన 5233, పుల్లతో (స్టైలస్‌తో) నొక్కే చైనా ఫోన్లు, 2011లో హైదరాబాద్‌లో బిగించి విద్యార్థులకిచ్చిన మొదటి ఆకాశ్ ట్యాబ్లెట్, పిల్లలు ఆడుకునే నింటెండో డీఎస్, ఇంకా వెనక్కి పోతే 1996లో మొదలైన పామ్ పైలట్ లాంటి చేతి కంప్యూటర్లు. ఇవన్నీ ఒకే జాతి. వీటి టచ్‌ను రెసిస్టివ్ టచ్ అంటారు. నేను ఎక్కువగా మాట్లాడబోయేది దీని గురించే, ఎందుకంటే ఇంటి చిట్కాలకు ఎక్కువగా బలయ్యేది ఇదే.

రెసిస్టివ్ టచ్‌లో కింద గాజు పలక ఉంటుంది, పైన పీఈటీ అనే పల్చటి ప్లాస్టిక్ పొర. మంచినీళ్ల సీసాలు చేసేదీ ఆ ప్లాస్టిక్‌తోనే. రెండింటి లోపలి ముఖాల మీద ఇండియం టిన్ ఆక్సైడ్ పూత ఉంటుంది. అందులోంచి కరెంటు పారుతుంది, వెలుతురూ దాటుతుంది. రెండు పొరలూ ఊరికే అంటుకోకుండా మధ్యలో కంటికి ఆనీ ఆనని చుక్కలు. మనం నొక్కినప్పుడు పై పొర వంగి కింది పలకను తాకుతుంది. తాకిన చోట వోల్టేజ్ ఎంతుందో చూసి, వేలు ఎక్కడ పడిందో పరికరం లెక్కగడుతుంది. అంతే యంత్రాంగం.

మీ దగ్గరున్నది ఇదేనా అని తెలుసుకోవడానికి ఏ పనిముట్టూ అక్కర్లేదు. గోటి అంచుతో మెల్లగా నొక్కండి. గోటికి, పెన్ను క్యాప్‌కు స్పందిస్తే అది రెసిస్టివ్. స్క్రీన్‌ను ట్యూబ్‌లైట్ కింద ఏటవాలుగా పట్టుకొని నొక్కితే నొక్కిన చోట పొర చిన్నగా కుంగడం కనిపిస్తుంది, చుట్టూ ఒక్కోసారి రంగుల వలయాలు కూడా వస్తాయి. ఇప్పటి ఫోన్ల గాజు అయితే కుంగదు, గోటికి పలకదు, చర్మం తగిలితేనే పలుకుతుంది. అది కెపాసిటివ్ టచ్. మూడోది అక్రిలిక్: పాత బటన్ ఫోన్ల డిస్‌ప్లే మీద ఉండే గట్టి ప్లాస్టిక్ కిటికీ. దానికి టచ్ ఉండదు, చూడటానికే.

ఇప్పుడు పేస్టు సంగతి. పేస్టులో పన్ను మీది పాచిని అరగదీయడానికి కాల్షియం కార్బొనేట్ గానీ, హైడ్రేటెడ్ సిలికా గానీ సన్నటి పొడిగా కలుపుతారు. వస్తువుల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలమానంలో పంటి ఎనామిల్ సుమారు 5. అంత గట్టి పన్ను మీద రుద్దడానికి తయారైన పొడి అది. పీఈటీ పొర ఎనామిల్ ముందు ఎందుకూ పనికిరాని మెత్తది. దాని మీద పేస్టు పెట్టి రుద్దితే ఒక్క పెద్ద గీత కనిపించకుండా పోవచ్చు, దాని చోట కంటికి విడివిడిగా కనిపించని వేల గీతలు పడతాయి. నీడలో చూస్తే బాగుందనిపిస్తుంది. ఎండలోకి పోయి చూడండి, స్క్రీన్ అంతా పొగమంచు పట్టి అక్షరం కనిపించదు. గాజు విషయానికొస్తే కథ తిరగబడుతుంది. గాజు 5.5 నుంచి 6 మధ్య ఉంటుంది, కాల్షియం కార్బొనేట్ 3. మెత్తటి పొడి గట్టి గాజును ఏం చేస్తుంది? గీత చెక్కుచెదరదు. పేస్టు మాత్రం స్పీకర్ జాలీలోకి, బటన్ సందుల్లోకి దిగి ఎండిపోతుంది. అంటే పొర మీద పెడితే అతి, గాజు మీద పెడితే వృథా.

మా జిల్లాలో గ్రానైట్ పాలిష్ పట్టడం చూసినవాళ్లకు ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు. గరుకు రాయితో మొదలుపెట్టి నున్నటి దాని వరకు వరుసగా మారుస్తూ పోతారు, మధ్యమధ్య నీళ్లు కొడుతుంటారు. గీత పోవడమంటే గీత లోతు దాకా చుట్టూ ఉన్న రాయి మొత్తం అరగడమే. బండకు మందం ఉంది కాబట్టి ఎంత అరిగినా ఫరవాలేదు. టచ్ పై పొర మందం సాధారణంగా మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. అరగదీయడానికి అక్కడ మిగులు ఎక్కడిది?

అసలు నష్టం ఇంకా లోపల జరుగుతుంది. ఇండియం టిన్ ఆక్సైడ్ పూత పెళుసుది. పొర కొంచెం వంగితే తట్టుకుంటుంది, ఒకే చోట మళ్లీ మళ్లీ గట్టిగా వంగితే సన్నగా పగుళ్లిస్తుంది. పుల్లతో ఏళ్ల తరబడి ఒకేచోట రాసిన పరికరాల్లో ఆ చోటే ముందుగా మొండికేసేది అందుకే. పామ్ వాడినవాళ్లకు కింది భాగంలో అక్షరాలు రాసే చోటు తెలుసు, ముందు పోయేది అదే. మరి చిట్కా వీడియో చెప్పేదేమిటి? బొటనవేలితో నొక్కిపట్టి పావుగంట గుండ్రంగా రుద్దమని. పై గీత కోసం లోపలి పూతను నలగ్గొట్టమన్నమాట. "టచ్ సరిగ్గా పట్టడం లేదు, గీతలు పోతే పడుతుందేమో" అని రుద్దేవాళ్లు ఉన్నదాన్ని కూడా పోగొట్టుకుంటున్నారు. పై మీద గీత ఉన్నంత మాత్రాన రెసిస్టివ్ టచ్ ఆగదు. అది ఒత్తిడికి పలుకుతుంది, నునుపుకు కాదు.

పేస్టు పనికొచ్చే చోటు లేదని నేననను. అక్రిలిక్ కిటికీ మీద అది పనిచేస్తుంది. మందంగా ఉంటుంది, వెనకాల వంగే పూత ఉండదు, రుద్దితే అరుగుతుంది, నునుపు తేలుతుంది. విప్పి బయటికి తీసి, మెత్తటి నూలు గుడ్డతో, కొంచెం తడితో, ఓపిగ్గా రుద్దుకోవచ్చు. ప్లాస్టిక్ పాలిష్ దొరికితే ఇంకా మేలు. పెట్రోలు, థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రవం మాత్రం దగ్గరికి రానీయొద్దు, అక్రిలిక్ లోపల్నుంచి వెంట్రుకల్లాంటి పగుళ్లిస్తుంది. పాత బటన్ ఫోన్ల కాలంలో ఈ చిట్కా నిజంగా పనిచేసింది కాబట్టే ఊరూరా పాకింది. ఫోన్లు మారాయి, చిట్కా మారలేదు. పెద్దల మాట తప్పని కాదు, ఆ మాట ఏ వస్తువు గురించో మనం మర్చిపోయాం.

కొబ్బరినూనె గురించి చాలామంది వెక్కిరిస్తారు. నాకు మాత్రం ఉన్నవాటిలో నిజాయితీ గల చిట్కా అదే అనిపిస్తుంది. గీత కనిపించడానికి కారణం అక్కడ గాలి నిండి ఉండటం. గాలికీ ప్లాస్టిక్‌కూ వెలుతురు వంగే తీరులో పెద్ద తేడా ఉంది: గాలి వక్రీభవన గుణకం 1, పీఈటీది దాదాపు 1.57. ఆ తేడా వల్ల గీత అంచుల దగ్గర వెలుతురు చెదిరి తెల్లగా కనిపిస్తుంది. కొబ్బరినూనె గుణకం 1.45 దగ్గర. గీతలో నూనె నిండితే తేడా తగ్గిపోతుంది, గీత కంటికి మాయమవుతుంది. అరగదీయలేదు, నష్టం చేయలేదు. చిక్కేమిటంటే నూనె నిలవదు. వేలికి అంటుకుంటుంది, దుమ్ము పట్టుకుంటుంది, అంచుల్లోంచి కిందికి దిగుతుంది. కానీ అది చూపించిన దారి సరైనది: గీతను తీసేయడం కాదు, నింపడం. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

పటిక, గుడ్డుసొన కలిపి వేడిచేసి, గుడ్డను అందులో నానబెట్టి, ఆరబెట్టి, దానితో తుడవమని ఇంకో చిట్కా తిరుగుతోంది. పటిక అంటే నల్గొండ వాళ్లకు పరాయి వస్తువేం కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో ఈ జిల్లా ఎంత గోస పడిందో లోకానికి తెలుసు. 1970లలో నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి రూపొందిస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు నిలబడిపోయింది. అక్కడ పటిక ఎందుకు పనిచేస్తుందో చెప్పగలం: నీళ్లలో అల్యూమినియం హైడ్రాక్సైడ్ మెత్తటి ముద్దల్లా గడ్డకట్టి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుక్కు దిగుతుంది. మరి స్క్రీన్ గీత మీద పటిక ఏం పట్టుకుంటుంది? సొన కొంచెంసేపు గీతలో నిండి నూనెలాగే కనుగప్పుతుంది, అంతే. ఎందుకు పనిచేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పలేని చిట్కాను నేను పరికరం దగ్గరికి రానీయను. మీరూ అదే అడగండి, చెప్పేవాడు ఎవరైనా సరే.

ఇప్పటి ఫోన్ల గాజు గురించి ఎక్కువ చెప్పను. ఆ గాజును వేడి పొటాషియం లవణంలో ముంచి, పైపొరలోని సోడియం అయాన్ల స్థానంలో వాటికంటే పెద్దవైన పొటాషియం అయాన్లను ఎక్కిస్తారు. గట్టిదనం ఆ బిగుతు నుంచే వస్తుంది. ఆ పైన వేలిముద్రలు అంటకుండా ఒక పల్చటి పూత. వంటసోడా, పేస్టు ముందుగా తినేసేది ఆ పూతనే. సీరియం ఆక్సైడ్ అనే పొడితో గాజు పాలిష్ పట్టొచ్చు, అద్దాల పనివాళ్లు వాడతారు. నీళ్లలో కలిపి, ఫెల్ట్ చక్రంతో, గంటల తరబడి. ఫోన్‌లోకి నీళ్లు పోతాయి, ఒకచోటే అరిగి గుంటపడితే బొమ్మ అలలు తిరుగుతుంది. గోరు ఆడిస్తే తగిలేంత లోతు గీతకు అది ఇంట్లో అయ్యే పని కాదు. వదిలేయండి.

గీతలు ఎక్కడివో ఆలోచిస్తే సగం సమస్య తీరుతుంది. తాళంచెవి, చిల్లర అని అంటుంటారు. మామూలు ఇనుప తాళంచెవి గాజు కంటే మెత్తన. గాజును కోసేది మన కాళ్ల కింది మట్టి. నల్గొండ నుంచి పాలమూరు దాకా నేల అడుగున గ్రానైట్ జాతి రాయే. అది శిథిలమై అయిన ఎర్ర చెల్కల్లో క్వార్ట్జ్ రేణువులు నిండి ఉంటాయి. క్వార్ట్జ్ గట్టిదనం 7. గాజునే గీస్తుంది, పీఈటీ పొర ఒక లెక్కా? బండి మీద పోయొచ్చి, జేబులోంచి ఫోన్ తీసి, అంగీ కొసతోనో తువ్వాలతోనో గట్టిగా ఓ తుడుపు తుడుస్తాం కదా, గీతలు పడే ఘడియ అదే. ముందు ఊదండి. మెత్తటి కుంచెతో దులపండి. ఆ తర్వాతే కొంచెం తడిపిన మెత్తటి గుడ్డ. అదీ బోరు నీళ్లతో వద్దు. మా బోరు నీళ్లు ఎండితే తెల్లటి మరకలు మిగులుతాయి, వాటిని గీకడంలో కొత్త గీతలు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. యాసిడ్ కాదు, నీళ్లే అని లేబుల్ చదివి తీసుకోండి. గుడ్డ మీద నాలుగు చుక్కలు చాలు.

ఇక ఈ వీడియోల్లో ఎవరూ చెప్పని చిట్కా. నా దృష్టిలో రెసిస్టివ్ స్క్రీన్లకు ఇంతకంటే విలువైన ఇంటివైద్యం లేదు.

మిర్యాలగూడలో మా మేనమామ రైస్ మిల్లులో లెక్కలు చూస్తాడు. ఆయన పాత టచ్ ఫోన్ దానంతటదే నొక్కుకోవడం మొదలైంది. జేబులో ఉండగానే ఎవరికో కాల్ పోయేది, మెనూ తనకు తానే కిందికి జారేది. "గీతల వల్లే అంట అల్లుడూ, పేస్టు పెట్టి రుద్దమంటున్నరు" అన్నాడు. "రుద్దకు మామా, ఒకసారి ఇటియ్యి" అని తీసుకున్నాను. విజిటింగ్ కార్డు ఒకటి తెప్పించుకొని, దాని మూలను స్క్రీన్‌కూ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అంచుకూ మధ్య సందులోకి మెల్లగా దూర్చి, అంచు వెంబడి జరుపుకుంటూ పోయాను. మొదటి వైపు ఏం రాలేదు. కింది వైపు కార్డు ఒకచోట గరగరమని ఆగింది. వెనక్కి లాగితే కార్డు కొసకు గోధుమరంగు నలుసులు, రెండు మూడు మెరిసే ఇసుక రేణువులు, సన్నటి ఊక చెక్కు ఒకటి అంటుకొని వచ్చాయి. కార్డు కొస కత్తిరించి, కొత్త కొసతో ఇంకోసారి తిప్పాను. ఫోన్ ఆన్ చేస్తే మెనూ నిలబడింది.

కారణం సూటిగానే ఉంది. నలుసు అంచు కింద ఇరుక్కుంటే అది పొరను ఎప్పుడూ నొక్కుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడిని పరికరం వేలనుకుంటుంది. పామ్ వాడినవాళ్లకు ఇది బాగా తెలిసిన ఉపాయమే. మిల్లు దుమ్ములో ఇది మరీ ఎక్కువ, వరి ఊకను కాలిస్తే బరువులో సుమారు ఐదో వంతు బూడిద మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. మెత్తగా కనిపిస్తుంది గానీ స్క్రీన్‌కు శత్రువు. కార్డు పల్చగా ఉండాలి, పెళ్లికార్డు అట్ట పనికిరాదు, పిన్నీసు, బ్లేడు అసలే వద్దు. కార్డు తిప్పాక సెట్టింగ్స్‌లో కాలిబ్రేషన్ (ఎక్కడ నొక్కితే ఎక్కడ పలకాలో పరికరానికి మళ్లీ నేర్పడం) ఉంటే చేసుకోండి, మూలల్లో వచ్చే గుర్తుల మీద వేలితో కాకుండా పుల్ల కొసతో నొక్కితే లెక్క సరిగ్గా కుదురుతుంది.

పుల్ల మాట వచ్చింది కాబట్టి: దాని కొసను అప్పుడప్పుడు వేలితో తడిమి చూడండి. అరిగి గరుకైనా, ఇసుక గుచ్చుకున్నా అదే స్క్రీన్‌ను చెక్కేస్తుంది. పుల్ల పోయిందని బాల్‌పెన్‌తో, అగ్గిపుల్లతో నొక్కేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

"ఇంత టెన్షన్ ఎందుకన్నా, కొత్తది కొనుక్కోరాదు" అని షాపుల్లో అంటారు. కొనగలిగినవాళ్లు కొంటారు. కానీ మామ ఫోన్‌లో ఏళ్ల నాటి నంబర్లు, నోట్స్ ఉన్నాయి, ఆయన వేళ్లకు ఆ బటన్లు ఎక్కడున్నాయో చూడకుండానే తెలుసు. పనిచేసే వస్తువును గీత కారణంగా పారేయమనడం సలహా కాదు, బేరం. ఆ బేరానికి లొంగకూడదని ఒక వైపు, లొంగకుండా ఉండాలన్న తొందరలో పేస్టుతో రుద్దకూడదని ఇంకో వైపు గట్టిగా పట్టుబడతాను.

గీతలు కంటికి మరీ అడ్డమైతే నూనె చూపించిన దారిలోనే పోవాలి. పల్చటి ప్లాస్టిక్ స్క్రీన్ గార్డ్ వేయండి. దాని వెనకున్న మెత్తటి జిగురు గీతల్లోకి దిగి నిండుతుంది, సన్న గీతలు చాలావరకు కనిపించవు. నూనె చేసిన పనే, కాకపోతే ఇది నిలుస్తుంది, పైగా తర్వాత పడే గీతలు దాని మీద పడతాయి. షాపులో "అది ఇప్పుడెవరు వాడుతున్నరు, టెంపర్డ్ గ్లాస్ ఏస్త" అంటే వద్దని చెప్పండి. రెసిస్టివ్ టచ్ పై పొర వంగాలి, గాజు వంగదు. టెంపర్డ్ వేస్తే టచ్ చచ్చిపోయినట్టే. పామ్ వాడేవాళ్లలో కొందరు రాసే చోటు మేరకు మాత్రమే సెలోటేపు ముక్క అంటించుకునేవాళ్లు, మెరుపు లేని రకం. అరిగితే పీకి ఇంకోటి. అందులో ఎంతో తెలివి ఉంది.

గార్డ్ కొలత కంటే కాస్త చిన్నగానే కత్తిరించుకోండి. అంచు కిందికి దూరితే అదే నలుసులా నొక్కుతుంది, మళ్లీ దానంతటదే టచ్. బాత్రూంలో వేడినీళ్లు పట్టిన తర్వాత గాల్లో దుమ్ము అణిగిపోతుంది, అంటించే పని అక్కడే పెట్టుకుంటే బుడగలు తక్కువ. మిగిలిన నలుసును సెలోటేపు కొసతో అద్ది తీయొచ్చు.

అప్పటికీ ఒక వైపు టచ్ అసలే పట్టకపోతే లోపలి పూత పోయిందని అర్థం. దానికి ఏ రుద్దుడూ, ఏ పూతా మందు కాదు. టచ్ మార్చాల్సిందే. సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే ఈ పాత పరికరాల్లో చాలావాటికి టచ్ వేరు, డిస్‌ప్లే వేరు. ఇప్పటి ఫోన్లలా రెండూ కలిసిన కాంబో మొత్తం మార్చక్కర్లేదు. నల్గొండ క్లాక్ టవర్ చుట్టుపక్కల షాపుల్లో ముందు అడగండి, లేకపోతే హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్, కోఠిలో గుజరాతీ గల్లీ. మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. పాత టచ్ విప్పి వెంట తీసుకుపోండి, పొడవు వెడల్పులతో పాటు రిబ్బన్ (టచ్‌ను బోర్డుకు కలిపే పల్చటి తీగల పట్టీ) ఏ అంచు నుంచి బయటికి వచ్చిందో, దాని తీగలు ఎన్నో, ఏ ముఖం వైపు తిరిగి ఉన్నాయో పక్కపక్కన పెట్టి పోల్చుకోండి. రిబ్బన్ తిరగబడితే ఎడమ నొక్కినప్పుడు కుడి పలుకుతుంది. బిగించే ముందు షాపులోనే ఊరికే తగిలించి, ఆన్ చేసి, నాలుగు మూలలూ నొక్కి చూడమనండి. సరిపోయిందని తేలాక జిగురు టేపు, కాలిబ్రేషన్. గార్డ్ మాత్రం రేపటికి వాయిదా వేయకుండా, కొత్త పొర మీద మొదటి నలుసు పడకముందే అక్కడే వేయించుకోండి.